బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

(వినియోగదారుల హక్కులపై మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో ఉదయం నుంచి పెద్ద పెద్ద విషయాలు మాట్లాడుకున్నాం. ఆస్తి హక్కు, గృహహింస, పనిచేసే చోట వేధింపులు. వీటి తర్వాత వాషింగ్ మెషీన్ గురించి మాట్లాడడానికి నేను నిలబడితే మీలో కొందరికి నవ్వు రావచ్చు. మధ్యతరగతి ఆడవాళ్ల గోల ఇది, ఉద్యమానికీ దీనికీ ఏం సంబంధం అని అనిపించవచ్చు. కొన్నేళ్ల క్రితం నన్నడిగినా నేనూ అదే మాట అనేదాన్ని. స్త్రీల శ్రమ మీద ఇరవయ్యేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. కానీ ఇంట్లోకి వచ్చే యంత్రాన్ని ఎవరు కొంటారు, ఎవరు బిగిస్తారు, పాడైతే ఎవరి మాట చెల్లుతుంది అనే ప్రశ్నలు నా చేతికి షాక్ కొట్టేదాకా నాకు తట్టలేదు. అందుకే ఆ సంగతితోనే మొదలుపెడతాను.

హైదరాబాదులో మేం అద్దెకుంటున్న ఇంట్లోకి ఒక వాషింగ్ మెషీన్ కొన్నాం. కొన్నాం అంటే, డబ్బు నాది. నా బ్యాంకు కార్డుతో కట్టాను. నాతో పాటు మా తమ్ముడు వచ్చాడు, బండి మీద దింపడానికి. షాపులో ఉన్నంతసేపూ సేల్స్ కుర్రాడు మా తమ్ముడితోనే మాట్లాడాడు. మోటారు ఎంత, గ్యారంటీ ఎన్నేళ్లు, కరెంటు ఎంత తింటుంది అన్నీ వాడికే చెప్పాడు. నా వైపు తిరిగి చెప్పింది ఒకే ఒక్క మాట: "ఈ కలర్ బావుంటది మేడమ్." బిల్లు రాసేటప్పుడు "సార్, మీ పేరు?" అని అడిగాడు. వాడు అలవాటుగా చెప్పాడు, అతను అలవాటుగా రాశాడు, నేనూ అలవాటుగా ఊరుకున్నాను. ముగ్గురికీ అందులో తప్పేమీ కనిపించలేదు.

మెషీన్ బిగించడానికి మనిషి వస్తాడన్నారు. "పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు లోపల ఎప్పుడైనా వస్తాడు" అన్నారు. ఒక రోజు సెలవు పెట్టాను. రాలేదు. మర్నాడు మళ్లీ పెట్టాను. అయిదున్నరకి వచ్చాడు. రాగానే "సార్ లేరా మేడమ్?" అన్నాడు. లేరన్నాను. అరగంటలో పైపు తగిలించి, ప్లగ్గు పెట్టి, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో గబగబా చెప్పి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితంలో ఏముందో నేను చదవలేదు. పిహెచ్.డి. చేసినదాన్ని, నూటయాభై పేజీల ప్రశ్నావళులు తయారు చేసినదాన్ని, ఒక్క పేజీ చదవలేదు. వేళ మించిపోయింది, పొయ్యి మీద పప్పు ఉంది.

పది రోజుల తర్వాత మా ఇంట్లో పనిచేసే ఆమె అంది: "అక్కా, మిషిన్ ముట్టుకుంటే జుమ్మంటున్నది." నేనేమన్నానో చెప్తాను. "చేతులు తడిగా ఉంటే అలాగే ఉంటుంది, తుడుచుకుని ముట్టుకో" అన్నాను. ఆమె మళ్లీ రెండు రోజులకి అంది. "ఏం కాదులే" అన్నాను. మూడోసారి ఆమె చెప్పలేదు. ఒక పాత గుడ్డ చేతికి చుట్టుకుని మూత తీయడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆమె రాలేదు. నేనే బట్టలు వేయబోయాను. నా చెయ్యి మోచేతిదాకా జివ్వుమంది.

అప్పుడు షాపుకి ఫోను చేశాను. ఇప్పుడు వినండి. అవతలి మనిషి నాతో ఏమన్నాడు? "చేతులు తడిగా ఉన్నాయేమో మేడమ్, తుడుచుకుని ముట్టుకోండి." సరిగ్గా నా మాటలే.

ఆ క్షణంలో నాకు సిగ్గేసింది. నా మాటని షాపువాడు నమ్మకపోవడం నాకు అవమానంగా తోచింది. మరి ఆమె మాటని నేను నమ్మకపోవడం? షాపుకీ నాకూ మధ్య ఉన్నది స్త్రీ పురుష భేదం. నాకూ ఆమెకూ మధ్య ఉన్నది వర్గ భేదం, కులభేదం. రెండు చోట్లా జరిగింది ఒకటే. ఒంటి మీద అనుభవించినవాళ్ల మాట సాక్ష్యంగా పనికి రాలేదు.

తర్వాత కథ మీకందరికీ తెలిసిందే, మీ ఇళ్లలోనూ జరిగే ఉంటుంది. షాపువాళ్లు కంపెనీకి చెప్పండన్నారు. కంపెనీవాళ్లు షాపువాళ్లని అడగండన్నారు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. "బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు ఫోను చెయ్యాలి" అని ఒకరు. "ఒకసారి సార్‌తో మాట్లాడించండి" అని మరొకరు. పదిహేడు రోజులు. చివరికి మా వీధిలో ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతను సాకెట్‌లో ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి చూశాడు. వెలగలేదు. సాకెట్ విప్పి చూస్తే మూడో కన్నానికి అసలు వైరే లేదు. కన్నం ఉంది, వైరు లేదు. ఇక మెషీన్‌లో నీళ్లు వేడిచేసే హీటరు నుంచి కరెంటు లీకై ఒంటికి వస్తోంది. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది. ఎర్తు లేదు కాబట్టి ముట్టుకున్న మనిషి గుండా పోవడానికి సిద్ధంగా కూర్చుంది.

అప్పుడు ఆ కాగితం వెతికి చదివాను. బిగించిన రోజు నేను సంతకం పెట్టిన కాగితం. అందులో ఒక గడి ఉంది. "ఎర్తింగ్ సరిచూడడమైనది." దాని పక్కన టిక్కు. కింద నా సంతకం.

ఎవరి చేతిలో స్క్రూడ్రైవరు

ఇదంతా ఒక నిర్లక్ష్యపు మనిషి వల్ల జరిగిందని అనుకుంటే ఈ ప్రసంగం ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ యంత్రాలకీ స్త్రీలకీ మధ్య సంబంధం చాలా పద్ధతిగా ఏర్పాటై ఉంది. ఇంగ్లాండులో సింథియా కాక్‌బర్న్, సుసాన్ ఆర్మ్‌రాడ్ అనే ఇద్దరు పరిశోధకులు మైక్రోవేవ్ ఓవెన్‌ని పట్టుకుని, అది గీతల్లో పుట్టిన చోటు నుంచి ఫ్యాక్టరీ, షాపు మీదుగా వంటింటిదాకా దాని వెంట నడిచారు. 1993లో అది పుస్తకంగా వచ్చింది. రూపకల్పన చేసే ఇంజనీర్లు దాదాపు అందరూ మగవాళ్లు. బిగింపు వరసలో కూర్చుని భాగాలు కూర్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అక్కడి షాపుల్లో సరుకుని రెండు రంగులుగా విడదీస్తారు. టీవీ, పాటల పెట్టె లాంటివి "గోధుమ రంగు సరుకు". ఫ్రిజ్, బట్టల మెషీన్ లాంటివి "తెల్ల సరుకు". మొదటిది సరదా, సాంకేతికం, మగవాళ్లది. రెండోది చాకిరీ, ఆడవాళ్లది. మైక్రోవేవ్ మొదట కొత్త వింతగా గోధుమ రంగు వరసలో కూర్చుంది. అది వంటపనే కదా అని తేలాక తెల్ల వరసలోకి జరిగింది. వస్తువు మారలేదు, దాని గౌరవం మారింది.

మన షోరూముల్లో ఈ పేర్లు వినపడవు గానీ వరసలు అవే. టీవీల దగ్గర మెత్తటి కుర్చీలు, మగవాళ్లు. మిక్సీల దగ్గర నిలబడి చూసుకునే ఆడవాళ్లు.

మరో ఇంగ్లాండు పరిశోధకురాలు యాన్ గ్రే, వీడియో రికార్డర్లు ఇళ్లలోకి వచ్చిన కాలంలో ముప్పైమంది స్త్రీలతో మాట్లాడి 1992లో పుస్తకం రాశారు. ఇంట్లోని వస్తువుల్ని గులాబీ రంగువి ఏవి, నీలం రంగువి ఏవి అని ఊహించమంటే ఇస్త్రీ పెట్టె పూర్తి గులాబీ, డ్రిల్లింగ్ మెషీన్ పూర్తి నీలం అయ్యాయి. వీడియో మీటల్లో చాలావరకూ స్త్రీలు నేర్చుకున్నారు. ముందుగా టైము పెట్టి రికార్డు చేసే టైమర్ మాత్రం చాలామంది ముట్టుకోలేదు. ఎందుకంటే చేతకాక కాదు. అది నేర్చుకుంటే ఆ పని కూడా తమ నెత్తినే పడుతుందని కొందరికి బాగా తెలుసు. ఆమె దీన్ని లెక్క వేసుకున్న తెలియనితనం అంటారు. మన అమ్మమ్మలు కొందరు "నాకా బ్యాంకు పనులు తెలియవమ్మా" అనడంలో ఎంత తెలివి ఉండేదో ఇది చదివాక నాకు అర్థమైంది.

అయితే ఆ తెలివికి ఒక ధర ఉంది. బిగించడం మనది కాదనుకున్న రోజున, సరిగ్గా బిగించారా లేదా అని అడిగే హక్కు కూడా చేజారుతుంది. వాడేది రోజూ మనం. తడి చేత్తో ముట్టుకునేది మనం. బిగించడం, నమ్మడం, నిర్ణయించడం ఇంకొకరిది.

యంత్రం వచ్చాక మిగిలిన టైము

ఈ యంత్రాలు మనల్ని చాకిరీ నుంచి విముక్తం చేశాయని ప్రకటనలు చెబుతాయి. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే ఈ మాటని ప్రశ్నించారు. యంత్రాలు వచ్చాక ఇంట్లో మగవాళ్లూ పిల్లలూ పనివాళ్లూ చేసే పనులు తగ్గాయి గానీ గృహిణి పని తగ్గలేదని, శుభ్రతకి కొలతలు పెరిగి కొత్త పనులు చేరాయని ఆమె చూపించారు. వారానికి రెండుసార్లు ఉతికే బట్టలు రోజూ ఉతకాల్సినవి అయ్యాయి.

మన దేశపు లెక్క చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉన్నారు. ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేశారు. స్త్రీలు 289, పురుషులు 88. మనకి పది నిమిషాలు తగ్గాయి, వాళ్లకి తొమ్మిది తగ్గాయి. తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. అయిదేళ్లలో సమానత్వం దిశగా మనం నడిచిన దూరం ఒక్క నిమిషం.

షాపువాళ్ల గడియారం ఈ లెక్క మీదే నడుస్తుంది. "పది నుంచి ఆరు లోపల ఎప్పుడైనా" అని చెప్పగలిగే ధైర్యం వాళ్లకి ఎక్కడిది? ఇంట్లో ఒక ఆడమనిషి ఊరికే ఉంటుందన్న నమ్మకం నుంచి. ఆమె టైముకి ధర లేదన్న నమ్మకం నుంచి. ఉద్యోగస్తురాలైతే సెలవు పెడుతుంది, కూలికి పోయే మనిషైతే ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. ఒంటరిగా ఉండే స్త్రీకి ఇంకో బెంగ. వచ్చేది ఎవరో, ఎన్ని గంటలకో. తలుపు తెరిచి పెట్టుకుని, పక్కింటావిడకి చెప్పుకుని కూర్చుంటుంది. ఫలానా గంటకి ఫలానా మనిషి వస్తాడని ముందుగా చెప్పమనడం గొంతెమ్మ కోరిక కాదు.

కాగితం మీద పేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. ఆ చట్టంలో జిల్లా ఫోరంలో ముగ్గురు కూర్చోవాలని, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలని పెట్టారు. మొదట్లో ఆ స్థానానికి రాసిన మాట "సంఘసేవకురాలు". జడ్జి హోదా ఉన్నవారు ఒకరు, చదువులోనో వ్యాపారంలోనో పేరున్నవారు ఒకరు, మూడోవారు సేవ చేసే మహిళ. 1993 సవరణతో ఆ సేవ అనే షరతు పోయింది. స్త్రీకి న్యాయపీఠం మీద చోటివ్వడానికి కూడా ఆమె సేవ చేసి ఉండాలని ఒకప్పుడు అనుకున్నారన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమలవుతోంది. అందులో "వినియోగదారు" అనే మాటకి ఇచ్చిన అర్థం చాలా ముఖ్యం. డబ్బిచ్చి కొన్నవారు మాత్రమే వినియోగదారు కాదు. కొన్నవారి అనుమతితో ఆ వస్తువుని వాడుకునేవారు కూడా వినియోగదారే. ఈ మాట 1986 చట్టంలోనూ ఉంది. అంటే బిల్లు మీద భర్త పేరున్నా, తమ్ముడి పేరున్నా, మామగారి పేరున్నా, ఆ యంత్రం దగ్గర రోజూ నిలబడే మనిషి ఫిర్యాదు చేయవచ్చు. "బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్లే రావాలి" అని షాపువాడు అంటే అది అతని మాట. చట్టం మాట అది కాదు.

ఇంకో అడుగు ముందుకి వేస్తాను. మా ఇంట్లో పనిచేసే ఆమె నా అనుమతితోనే కదా ఆ మెషీన్ వాడుతోంది? చట్టంలోని ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఆమె కూడా అందులోకి వస్తుందని నా వాదన. వకీళ్లు దీని మీద వాదించుకోవచ్చు. వాదించాలనే నేను కోరుకుంటున్నాను. ఎందుకంటే మన ఇళ్లలో యంత్రాల్ని ఎక్కువసేపు ముట్టుకునేది ఆమే.

చట్టం ఇలా ఉన్నా, బిల్లు మీద మన పేరు రాయించుకోవడం మానవద్దు. కారణం ఫిర్యాదు ఒక్కటే కాదు. పెళ్లి సామాను సంగతి ఆలోచించండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడపిల్లతో పాటు ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్, కూలరు పంపుతారు. తండ్రి అప్పు చేసి కొంటాడు. గ్యారంటీ కార్డు మీద అల్లుడి పేరు రాస్తారు, "వాళ్లింట్లోనే కదా ఉండేది" అని. పెళ్లి చెడిన రోజున ఆ పిల్ల కట్టుబట్టలతో బయటికి వస్తుంది. మా సంస్థకి వచ్చే స్త్రీలలో ఎంతమంది "ఫ్రిజ్ మా నాన్న కొన్నదే మేడమ్, కాగితం వాళ్ల దగ్గరుంది" అని చెప్పారో నేను విన్నాను.

స్త్రీధనం మీద స్త్రీకే పూర్తి హక్కని, అది భర్త దగ్గరో అత్తింటివారి దగ్గరో ఉన్నా వాళ్లు నమ్మకంగా అట్టిపెట్టుకున్నవారే తప్ప యజమానులు కారని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులో చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, ఆమె అనుమతి లేకుండా కన్నతండ్రి కూడా ఆ సామాను తిరిగి ఇమ్మని అడగలేడని, అది పూర్తిగా ఆమెదేనని చెప్పింది. 2005 గృహహింస చట్టం కింద స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితా రాసి సంతకాలు చేయాలని 1985 నాటి నియమాలే చెబుతున్నాయి. హక్కు ఉంది. దాన్ని రుజువు చేసే కాగితమే మన చేతిలో ఉండదు. కట్నానికి వ్యతిరేకంగా మన పోరాటం ఎలాగూ ఆగదు. కానీ ఇస్తున్న ప్రతి వస్తువు బిల్లు మీదా అమ్మాయి పేరు రాయించి, నకలు పుట్టింట్లో పెట్టండని ఈలోగా ప్రతి తల్లికీ చెప్పాలి. పెళ్లిమాటలప్పుడు ఈ మాట ఎత్తితే అపశకునమంటారు. అననివ్వండి.

గ్రైండరు, ఇడ్లీ బండి

ఇక బతుకుతెరువు కోసం యంత్రం కొనుక్కునే స్త్రీలు. పొదుపు సంఘం అప్పుతో వెట్ గ్రైండరు కొని ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకామె మా దగ్గరికి వచ్చింది. నెల తిరక్కుండా మోటారు కాలిపోయింది. షాపువాళ్లు "వ్యాపారానికి వాడారు కాబట్టి మీరు వినియోగదారే కారు" అన్నారు. ఆమె నిజమేననుకుంది. అప్పు వాయిదాలు మాత్రం కడుతూనే ఉంది.

చట్టం వ్యాపార అవసరానికి కొన్నవారిని మినహాయించిన మాట నిజమే. కానీ ఆ వెంటనే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధి ద్వారా పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి వివరంగా చర్చించింది. కుట్టుమిషను మోటారు, ఇడ్లీ బండి గ్రైండరు, పాల ప్యాకెట్లు అమ్ముకునే ఆమె ఫ్రిజ్ ఇవన్నీ ఇందులోకి వస్తాయి. అయితే ఒక జాగ్రత్త. కంపెనీ ఇచ్చే గ్యారంటీ కాగితంలో "ఇంటి వాడకానికి మాత్రమే" అని రాసి ఉంటే గ్యారంటీ దగ్గర పేచీ వస్తుంది. చట్టంలో వినియోగదారు కావడం వేరు, గ్యారంటీ షరతు వేరు. కాబట్టి కొనేటప్పుడే "బండి మీద ఇడ్లీ పిండికి వాడతాను, రోజుకి ఇన్ని కిలోలు" అని చెప్పి, అందుకు పనికొచ్చే రకం ఇమ్మని అడిగి, ఆ మాట బిల్లు మీదే రాయించుకోవాలి.

కౌంటరుకి అవతల

ఇంతసేపూ షాపువాళ్లని తిడుతున్నాను. కానీ మనం ఒకటి మరచిపోకూడదు. ఫోనులో నాకు జవాబు చెప్పిన మనుషుల్లో సగంమంది అమ్మాయిలే. ఒకసారి నేను గట్టిగా అరిచాను. అవతలి అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "మేడమ్, నాకు ఇంతవరకే చెప్పమన్నారు" అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిర్ణయించే మనిషి ఎప్పుడూ ఫోను దగ్గరికి రాడు. తిట్లు తినడానికి తక్కువ జీతం మనిషిని ముందు కూర్చోబెడతాడు.

షాపుల్లో పనిచేసే అమ్మాయిలకి రోజంతా కూర్చునే హక్కు కూడా లేదన్న సంగతిని కేరళలో కోళిక్కోడ్ స్త్రీలు బయటపెట్టారు. పెణ్‌కూట్టు అనే సంఘంగా ఏర్పడి పోరాడారు. 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ షాపుల చట్టాల్ని సవరించి కూర్చునే హక్కునిచ్చాయి. మా ఇంటికి వచ్చిన ఆ టెక్నీషియన్ సంగతి కూడా తర్వాత తెలిసింది. అతనికి నెల జీతం లేదు. ఇంటికి ఇంత అని లెక్క. రోజుకి ఎన్ని ఇళ్లు పూర్తిచేస్తే అంత. ఎర్తు పరీక్షించడానికి పట్టే పది నిమిషాలకి అతనికి ఎవరూ డబ్బివ్వరు. ఆ గడిలో టిక్కు పెట్టించింది ఆ లెక్క. మన కోపం ఎవరి మీదో తెలుసుకుని పడితే మంచిది. వినియోగదారుల హక్కూ కార్మికుల హక్కూ ఎదురెదురుగా నిలబెడితే లాభపడేది మూడోవాడు.

ఏం చెయ్యాలి

కొన్ని పనిమాటలు చెబుతాను. రాసుకోండి.

ఒకటి, బిల్లు. జీఎస్టీతో, మోడల్ నంబరుతో, వాడే మనిషి పేరుతో. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం కూడా అనుచిత పద్ధతే.

రెండు, ఎర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో పొడుగ్గా లావుగా ఉండే పిన్ను ఎర్తుది. దాన్ని విరిచి రెండు కన్నాల్లో పెట్టనివ్వవద్దు. గీజరుకీ వాషింగ్ మెషీన్‌కీ 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ కావాలి. మూడో కన్నం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. బల్బు పెట్టి చూపించమనండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు బోర్డులో ఉందో లేదో అడగండి. అద్దె ఇల్లయితే ఇంటాయన్ని అడగడానికి మొహమాటపడవద్దు.

మూడు, సంతకం. బిగించినవాళ్లు ఇచ్చే కాగితం చదివాకే. చేయని పనికి టిక్కు ఉంటే కొట్టేసి, అప్పుడు సంతకం పెట్టండి. నకలు అడగండి, ఇవ్వకపోతే ఫోనుతో ఫొటో తీసుకోండి.

నాలుగు, ఫిర్యాదు. ఫోనులో చెప్పింది గాలిలో కలుస్తుంది. తేదీలతో ఉత్తరం రాసి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జాతీయ హెల్ప్‌లైను 1915కి తెలుగులో చెప్పుకోవచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటో పనిచేసే చోటో వేయవచ్చు, షాపు ఎక్కడున్నా సరే. సమస్య వచ్చిన రెండేళ్లలోగా వేయాలి. కొన్న ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఇంటి నుంచే ఇ-జాగృతి పోర్టల్‌లో వేసే వీలు ఉంది. సంస్థల్లో ఉన్న మనం చేయాల్సిన పని, ఫోను చేతిలో లేని స్త్రీల తరఫున కూర్చుని వేసిపెట్టడం. స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది.

ముగింపు

నా కేసు ఏమైందని మీరు అడగకముందే చెబుతాను. కమిషన్‌లో వేశాను. నేను వినియోగదారుని కానని, బిల్లు నా పేరు మీద లేదని అవతలివాళ్లు మొదటి అభ్యంతరం చెప్పారు. చట్టంలోని ఆ వాక్యమూ, నా బ్యాంకు కాగితమూ చూపించాను. రెండో వాయిదాకి వాళ్లే రాజీకి వచ్చారు. మెషీన్ మార్చి ఇచ్చారు, ఖర్చుల కింద 5,000 రూపాయలు ఇచ్చారు. ఎర్తు పరీక్షించకుండానే పరీక్షించామని రాసినట్టు ఒప్పుకుంటూ ఒక ఉత్తరం ఇమ్మన్నాను. అదొక్కటీ ఇవ్వలేదు. ఆ ఒక్కదాని కోసం ఇంకా పోరాడవలసిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పటికి అలిసిపోయాను.

కొత్త మెషీన్ బిగించిన రోజున, పనిచేసే ఆమెనీ పక్కన నిలబెట్టి ఎలక్ట్రీషియన్ చేత బల్బు వెలిగించి చూపించాను. ఆమె ముందు క్షమాపణ అడిగాను. ఆమె దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బల్బునే చూస్తూ అడిగింది: "మా ఇంట్ల ఫ్రిజ్జు గూడ జుమ్మంటది అక్కా. పాతది కొన్నం, కాయితం లేదు. దానికి ఎవలకు చెప్పాలె?"

ఆమె ప్రశ్నకి చట్టం పుస్తకంలో తేలిగ్గా జవాబు దొరకలేదు. బిల్లు లేదు, గ్యారంటీ లేదు, ఇంటికి సరైన మీటరు కూడా లేదు. ఆ ఆదివారం ఎలక్ట్రీషియన్‌ని తీసుకుని వాళ్ల బస్తీకి వెళ్లాం. వరసగా పదకొండు ఇళ్లు చూశాం. ఎర్తు ఉన్నవి రెండు. మన సంస్థ ఈ ఏడాది ఈ పనిని ప్రతి బస్తీలోనూ చేపట్టాలని, అక్కడి అమ్మాయిలకే ఎర్తు పరీక్షించడం నేర్పాలని, దొరికిన వివరాలతో కరెంటు ఆఫీసు ముందుకి వెళ్లాలని ఈ సదస్సు ముందు ప్రతిపాదిస్తున్నాను. నేర్పడానికి మా ఎలక్ట్రీషియన్ ఒప్పుకున్నాడు. మొదటి తరగతికి తన పేరు రాయమని ఆమె ముందే చెప్పింది.